పట్టల గోడ

సామ్రాజ్యం అనే ఆవిడ తన మిర్చి వ్యాపారంలో సరుకు లోపల చెయ్యి పెట్టి చూడకుండా బేరం ఖాయం చేసింది ఒక్కసారే. ఆ సంగతి ఈ కథ వెంట మొదటినుంచీ నడిచొచ్చినవాళ్ళకి తెలుసు. దారిలో కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

పర్చూరు దాటి సముద్రం వైపు పోతే గొల్లవాగుపాలెం. ఊరి చివర మిరప కల్లాలు, కల్లాల పక్కన బండ్ల డొంక, డొంకకి అవతల గడ్డి కూడా మొలవని చౌడు బీడు. ఆ బీట్లో ఒంగోలు కుర్రాళ్ళు కొందరు ఎర్రమట్టి తోలి దిబ్బలు పోసి, మోటారు సైకిళ్ళ పందెం పెడతామని పై ఆఫీసుల్లో అనుమతి తెచ్చుకున్నారు. అప్పటినుంచి ఊళ్ళో ఒకటే గుబులు. పందెం చూడొచ్చేవాళ్ళంటే ఎవరు? సైలెన్సర్లు పీకేసి తిరిగే పోరంబోకులు. తాగుబోతులు. ఆడపిల్ల కనపడితే ఈల వేసేవాళ్ళు. పొలాల్లో మోటార్లు విప్పుకుపోయేవాళ్ళు. ఈ మాటలన్నవాళ్ళలో అలాంటి పందెం కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు.

దానికి తోడు ఎర్రమిట్ట అనే ఊరి కబురొకటి. కిందటేడు అక్కడ పందెం జరిగిన రాత్రే ఒక రైతు కల్లంలో కుప్పపోసిన మిర్చి, పైన కప్పిన టార్పాలిన్ పట్టతో సహా మాయమైంది. ఆ పందేనికి వచ్చిన, ఒంగోలులో బళ్ళు బాగుచేసుకునే సిలార్‌ని పోలీసులు తీసుకుపోయారు. రుజువు దొరక్క వాళ్ళు వదిలేశారు, జనం వదల్లేదు. ‘మిర్చి దొంగ సిలార్’ అన్న పేరు అతని షెడ్డు తలుపు మూసేసింది. ఆ కబురు గొల్లవాగుపాలెం మోసుకొచ్చింది సామ్రాజ్యం తమ్ముడు వెంకటనారాయణ. ఎర్రమిట్ట వైపు కాయ కొనేది అతనే కాబట్టి అతని మాట నిజమనే అనుకున్నారంతా.

ఊళ్ళో సగం మిర్చి సామ్రాజ్యం చేతి మీదుగానే గుంటూరు యార్డుకి పోతుంది. మొగుడు పోయాక పాతికేళ్ళుగా ఒంటిచేత్తో నడిపిన వ్యాపారం. ఆమె మాటంటే ఊరికి తూకం రాయి. పాలకేంద్రం దగ్గర మీటింగులో ఆమె నిలబడి, “కల్లాలకీ బీటికీ మధ్య గోడ కడదాం. ఇటుకలెందుకు, పట్టలున్నాయిగా!” అంది. కల్లాల మీద కప్పుకునే టార్పాలిన్ పట్టలన్నీ తీయించి, డొంక పొడుగునా సరుగుడు బొంగులు పాతించి, నైలాను తాళ్ళతో బిగించి కట్టించింది. చివర్లో కొంత చాలకపోతే, తమ్ముడు యార్డు పని మీద గుంటూరు పోయి ఉన్నా ఆగకుండా, అతని గోడౌను తాళం తనే తీసి అడుగున మడతపెట్టి ఉన్న పట్టలు కూడా తెప్పించింది.

ఆడపిల్లల్ని చుట్టాల ఊళ్ళకి పంపేశారు. కొట్లు మూసేశారు. మగాళ్ళంతా కర్రలు పట్టుకుని ఊరి మొగదల కాపలా కూర్చున్నారు. కల్లాల్లో మిగిలింది సామ్రాజ్యం, కూలీల మేస్త్రి జయకుమారి, ఇంకో పదిమంది ముసలీముతకా. వాళ్ళ ముందు ఒక తట్ట నిండా కొత్త కారం. సామ్రాజ్యం చెప్పింది ఒకటే మాట: “గోడ దాటి అడుగు పెట్టినవాడి కళ్ళలో కొట్టండి.”

ఇక పందెం జరిగిన ఆదివారం పొద్దు గురించి.

కల్లమంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఎండబోసిన కాయ గలగలమంటోంది. ఇంకో రెండెండలు తగిలితే బస్తాలకెత్తొచ్చు. గోడకి అవతల మాత్రం లోకం బద్దలవుతున్నట్టు మోత. ఇంజన్లు ఒక్కసారిగా అరిస్తే పట్టలు బొంగుల మీద వణుకుతున్నాయి. కాకులు ఎప్పుడో ఊరొదిలి పోయాయి.

జయకుమారి రెండు పట్టలు కలిసేచోట చిన్న సందు చేసుకుని, ఒక కన్ను ఆనించి నిలబడింది. ఎంతసేపటికీ రాదు.

“ఏమే జయా, అక్కడేమన్నా మీ పుట్టింటోళ్ళు కనబడ్డారా?”

“అమ్మా, నువ్వొకసారి వచ్చి చూడు.”

“నాకేం పనిలేదా? తాగి దొర్లేవాళ్ళని చూడ్డానికి.”

“తాగితే తాగార్లే. మన ఎడ్ల బండలాగుడికి మనోళ్ళు మజ్జిగ తాగి వస్తున్నారా ఏంటి? కిందటి తిరునాళ్ళలో మీ పాలేరు ఎద్దుల కంటే ముందు తనే బండకి తగులుకుని పడ్డాడు. రామ్మా, ఒక్కసారి.”

సామ్రాజ్యం చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వెళ్ళింది. తిట్టడానికే వెళ్ళింది. సందులో కన్ను పెట్టాక తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

రెండు నిలువుల ఎత్తు దిబ్బ. దాని వెనకనుంచి మోత పెరుగుతోంది గానీ ఏమీ కనపడటం లేదు. అంతలో దిబ్బ మీద ఆకాశంలో ఒక బండి. చక్రాల కింద ఏమీ లేదు. బండి మీద మనిషి లేచి నిలబడి ఉన్నాడు. ఆ క్షణంలో మోత కూడా ఆగిపోయినట్టు అనిపించింది ఆమెకి. నేల వదిలిన మనిషి గాలిలో కాస్త ఒరిగి, తల తిప్పి పక్కవాణ్ణి చూసుకుని, మళ్ళీ నేల మీద వాలాడు. గద్ద వాలినట్టు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. ఎర్రమట్టి తెరలా లేచి, ఎండకి మెరిసి, మెల్లగా వాళ్ళ మీదే రాలుతోంది.

సామ్రాజ్యం చెయ్యి తనకి తెలియకుండానే గుండెల మీదికి పోయింది. యాభై దాటిన మనిషి, గుంటూరు యార్డులో లారీల మధ్య అరిచి బేరం చేసిన మనిషి, చిన్నపిల్లలా “అబ్బ” అంది.

“చెప్పానా?” అంది జయకుమారి పక్కనుంచి.

బీటి చుట్టూ జనం. ఎంతమందో చెప్పడానికి లేదు. చిల్లర పోసినట్టు తలలు. వాళ్ళ ముందు కట్టింది ఒక్క కొబ్బరితాడు. మలుపులో ఒక బండి జారి, దాని మీది మనిషి మట్టిలో దొర్లాడు. ఇంత జనం ఒక్కసారిగా మీదపడతారనుకుంది సామ్రాజ్యం. ఒక్కడు కూడా తాడు దాటలేదు. మోకాలెత్తు తాడు. అంత జనం నోరుమూసుకుని నిలబడ్డారు. పడ్డవాడు లేచి చెయ్యి ఊపాక, అప్పుడు లేచింది కేక. ఆ కేకకి ఆమె చెవుల్లో దుద్దులు అదిరాయి.

ఆమెలో వ్యాపారి ఆ తాడు సంగతి గమనించింది. బండలాగుడులో ఎద్దు తూలితే జనం బరిలోకి విరుచుకుపడతారు, ఆపడానికి కర్రలు కావాలి. ఇక్కడ కర్రలు లేవు. గమనించింది గానీ, పక్కన పెట్టింది. ఒకసారి ఖాయం చేసుకున్న ధర మళ్ళీ మార్చుకోవడం ఆమెకి అలవాటు లేదు.

“చాల్లే. పోయి కాయ తిరగెయ్యి.”

వెనక్కి తిరిగేసరికి ముక్కుకి వాసన తగిలింది.

మిరప కల్లంలో పాతికేళ్ళు తిరిగినవాళ్ళకి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. ఘాటు కింద చల్లగా, తడిమట్టిలా ఒక జీర. సామ్రాజ్యం తలెత్తి సముద్రం వైపు చూసింది. పొద్దుటిదాకా తెల్లగా ఉన్న ఆకాశం అంచున నల్లటి గట్టు లేచి ఉంది. గాలి మళ్ళింది. ఆ గట్టు నడిచి వస్తోంది.

“జయా! కుప్పలు వెయ్యండే! కాయ ఎగదొయ్యండి! పట్టలు తెండి, పట్టలు...”

ఆ మాట ఆమె నోట్లోనే తెగింది. పట్టలు గోడ మీద ఉన్నాయి.

ఊరి పట్టలన్నీ. ఒక్క కుప్ప మీద కప్పడానికి కూడా కల్లంలో గుడ్డపీలిక లేదు. పోనీ విప్పుదామంటే దొంగలు లాక్కుపోకుండా ప్రతి బొంగుకీ దగ్గర నిలబడి బిగించి కట్టించింది తనే. ఎండకి బిగుసుకున్న నైలాను ముడి గోటికి లొంగదు. ఎగదొయ్యడానికి చేతులు కావాలంటే, పనికొచ్చే ఆడపిల్లలంతా చుట్టాల ఊళ్ళలో ఉన్నారు. మగాళ్ళు ఊరి అవతలి మొగదల కర్రలు పట్టుకుని, రానివాళ్ళ కోసం కాపలా ఉన్నారు.

దొంగ ఎవడూ రాకుండానే ఊరు తన కల్లాన్ని తనే దోచిపెట్టింది.

సామ్రాజ్యం పరిగెత్తి గోడ మీద పడింది. ముడి పళ్ళతో లాగింది. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చిందేగాని ముడి రాలేదు. జయకుమారి కొడవలి కోసం అటూ ఇటూ ఉరికింది. ముసలాళ్ళు చీపుర్లతో కాయ నెడుతున్నారు. చెరువుని చెంబుతో తోడినట్టుంది ఆ పని. మొదటి చినుకు ఒకటి ఆమె ముంజేతి మీద పడి, రూపాయి బిళ్ళంత విచ్చుకుంది.

ఒక్క వాన. కాయ నల్లబడి బూజుపట్టి, తాలుకాయ ధరకి కూడా ఎవడూ అడగడు. తన ఒక్కదాని సరుకైతే నెత్తిన చెయ్యి పెట్టుకుని ఊరుకునేది. ఊరు ఊరంతా ఆమె మాట మీద పట్టలు విప్పింది.

అప్పుడే గోడకి అవతల మోత ఆగిపోయింది.

ఒక్క ఇంజనూ లేదు. మైకులో ఎవరో గట్టిగా ఏదో అంటున్నారు గానీ ఎదురుగాలి ఆ మాటల్ని అటే తీసుకుపోయింది. ఆ తర్వాత నేల అదరడం మొదలైంది. పరుగు. వందల కాళ్ళ పరుగు. అది దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది.

గోడ ఒక్కసారి లోపలికి ఉబ్బింది. ఒక బొంగు విరిగింది. పక్కది ఒరిగింది. పట్టల మధ్య సందులు తెరుచుకుని, వాటిలోంచి చేతులు వచ్చాయి. చేతుల్లో చాకులు, కటింగ్ ప్లయర్లు.

“వచ్చార్రోయ్!” అని ఒక ముసలాయన చీపురు పారేసి పరిగెత్తాడు.

సామ్రాజ్యం పరిగెత్తలేదు. కారం తట్ట చంకన పెట్టుకుని గోడకి ఎదురు నిలబడింది. ఆమె ముందే ఒక పట్ట దబ్బున కిందపడింది. దాని వెనక గ్రీజు మరకల చొక్కా, నెరిసిన గెడ్డం, ఒక చేతిలో ప్లయరు, ఇంకో చేతిలో తెగిన తాడు కొస. అతని వెనక డొంక కనపడకుండా జనం.

“అక్కడే ఆగు! ఎవడివిరా నువ్వు?”

“సిలార్‌నమ్మా. ఒంగోలు. వానొస్తోంది...”

సిలార్ అన్న పేరు వినపడింది. ‘వాన’ అన్న మాట చెవిదాకా వచ్చేలోపే ఆమె చెయ్యి తట్టలోకి పోయింది, బయటికొచ్చింది, విసిరింది.

ఎర్రటి మబ్బు అతని ముఖమంతా కమ్మింది.

సిలార్ కేక పెట్టలేదు. ‘హా’ అని ఒక్క ఊపిరి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్లయరు కిందపడింది. ముఖం మీదికి పోబోయిన చెయ్యిని సగంలో ఆపుకున్నాడు. కారం పడ్డ కన్ను నలపకూడదని తెలిసినవాడిలా. రెండో చెయ్యి తాడు వదల్లేదు.

జనం ఆగిపోయారు. సామ్రాజ్యం చేతివేళ్ళు మండుతున్నాయి. ఇప్పుడు తొక్కేస్తారు, అనుకుంది. నన్నూ, కల్లాన్నీ.

సిలార్ కళ్ళు మూసుకునే, తాడు కొస ఆమె వైపు చాపాడు.

“కొట్టావుగా తల్లీ. అయిపోయింది. మిగిలిన కారం మళ్ళీ కొడుదువుగాని. ముందు ఈ కొస పట్టుకో, పట్ట లాగాలి. కాయ తడుస్తుంది.”

వెనక్కి తిరిగి, ముక్కూ కళ్ళూ కారిపోతూనే గొంతెత్తి అరిచాడు: “ఒరేయ్, కల్లంరా అది! చెప్పులు విప్పండి!”

ఆ తర్వాత చూసినదాన్ని సామ్రాజ్యం జీవితాంతం చెప్పుకుంది. ఎవరికి ఎలా చెప్పినా పూర్తిగా చెప్పినట్టు ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

వాళ్ళు చెప్పులు విప్పారు. వానని నెత్తిమీద పెట్టుకుని, పందెం మధ్యలో వదిలేసి వచ్చిన ఆ జనం, కల్లం గట్టు దగ్గర వంగి చెప్పులు విప్పారు. బూట్లు, హవాయి చెప్పులు, మోకాళ్ళదాకా ఉండే పందెం జోళ్ళు. గట్టు పొడుగునా చెప్పుల వరస. మిర్చి అంటే లక్ష్మి అని, కల్లంలో చెప్పుకాలు పెట్టకూడదని ఒంగోలు రోడ్ల మీద తిరిగే పోరంబోకులకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. వాళ్ళ అమ్మలు నేర్పారు. తాడు పట్టుకుని పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి ఆమె అడగనే అడిగింది.

“ఏ ఊరయ్యా మీది?”

“ఇంకొల్లు పక్కన. మాకూ రెండెకరాల మిరపే పిన్నిగారూ, దిబ్బ మీంచి మీ కాయ కనబడింది. తలకాయ వంచండి, పట్ట తగులుద్ది!”

చీరాల మగ్గాల మీద పనిచేసేవాళ్ళు, పొగాకు కాల్చే బ్యారన్‌లలో కట్టెలేసేవాళ్ళు, లారీ క్లీనర్లు, పత్తి రైతుల కొడుకులు. కల్లంలోకి వరదలా వచ్చారు, కానీ కాయ తొక్కకుండా. అరికాళ్ళతో కాయని నెట్టుకుంటూ, మిరపకూలీలు నడిచే నడకే నడిచారు. తట్టలు చాలకపోతే పందెగాళ్ళు హెల్మెట్లు తీసి, కాయ ఎత్తి కుప్ప మీద పోశారు. ఇందాక ఆకాశంలో నిలబడ్డవాడు ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, హెల్మెట్ నిండా మిరపకాయ తోడుతున్నాడు. తుమ్ములు. దగ్గులు. తుమ్ముల మధ్య నవ్వులు.

“ఒరేయ్, మన ఫైనల్ ఇదేరా!”

“నీకంటే ఆ ముసలవ్వ ముందుంది చూడరా, సిగ్గులేదూ!”

జయకుమారి కల్లం నడుమ నిలబడి, పాతికేళ్ళుగా కూలీల మీద సానబట్టిన గొంతు మొత్తం వాళ్ళ మీద వాడుకుంది. “ఓయ్, ఎర్ర చొక్కా! తాలు ఇటు కలపమాక! నీ మొహానికి పందెం కప్పులొస్తాయా, కాయ ఏరడం రాదు గానీ!” ఆ ఎర్ర చొక్కా, “సరే మేస్త్రిగారూ” అని చెంపలేసుకున్నాడు.

కుప్పలు లేచాయి. పట్టలు పరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడు వాన విరుచుకుపడింది. దాంతోపాటే సముద్రపు గాలి. పట్టల అంచులు రెక్కల్లా లేచాయి. బరువు పెట్టడానికి రాళ్ళు లేవు. చౌడు నేలలో రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది?

“కూర్చోండ్రా!” అన్నారెవరో.

కూర్చున్నారు. ప్రతి కుప్ప చుట్టూ పట్ట అంచు మీద, భుజానికి భుజం ఆనించి, వానకి వీపిచ్చి, మనుషులే రాళ్ళయి కూర్చున్నారు. గాలి పట్టని ఎగదన్నితే అంతా కలిసి వెనక్కి వాలేవాళ్ళు, పట్ట దిగేది. మళ్ళీ ఎగదన్నేది, మళ్ళీ వాలేవాళ్ళు. వాన తెరలో కల్లమంతా ఊపిరి పీలుస్తున్నట్టు కనపడింది. పట్టల మీద వాన మోత ఒక్కటే. ఇందాకటి ఇంజన్ల మోత కంటే పెద్దదది.

సామ్రాజ్యం కూడా ఒక అంచు మీద కూర్చుంది. ఆమె పక్కనే సిలార్. జయకుమారి మజ్జిగ కుండ తెచ్చి అతని కళ్ళ మీద దోసిళ్ళతో పోస్తోంది. కళ్ళు వాచి రేగుపళ్ళలా ఉన్నాయి. అతను తల వంచుకునే నవ్వాడు.

“మంచి కాయమ్మా నీది. ఘాటులో తేడా లేదు.”

సామ్రాజ్యం బస్తా కొనేటప్పుడు పైన కనపడే కాయని ఎన్నడూ నమ్మలేదు. మోచేతిదాకా లోపలికి పెట్టి, నడుమనుంచి గుప్పెడు తీసి, చెవి దగ్గర ఆడించి, అప్పుడు మాట ఇచ్చేది. ఈ మనిషి విషయంలో మాత్రం తమ్ముడు చూపించిన పైకాయ చూసి ఊరందరికీ ధర చెప్పేసింది. ఇప్పుడు ఆ నష్టం ఎవరి కళ్ళలో మండుతోందో ఎదురుగా కనపడుతోంది.

“ఎర్రమిట్టలో ఆ కాయ నువ్వు తీశావా?” అని అడిగింది. అంతకంటే మెత్తగా అడగడం ఆమెకి చేతకాలేదు.

సిలార్ అవతల కూర్చున్న బక్కపల్చటి మనిషి చెప్పాడు. “ఆయన కాదండి. నేను చెప్తే స్టేషన్లో వినలేదు, మీరన్నా వినండి. ఆ కాయ నాదే. నా పేరు సుభానీ, మాది ఎర్రమిట్ట. ఆ రాత్రంతా సిలారన్న మా ఇంట్లోనే ఉన్నాడు. పాడైన నా ట్రాక్టరు ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. పందేలోడు దొంగ కాకుండా ఎట్టా ఉంటాడన్నారు. పోగొట్టుకున్నోడి మాటకే విలువ లేకపోయింది.”

వాన సన్నగిల్లింది. మబ్బు గుంటూరు వైపు దొర్లిపోయి, ఎండ ముక్క ఒకటి కల్లం మీద పడింది. పట్టల కింద కాయ పొడిగా ఉంది. జయకుమారి ఒక అంచు ఎత్తి, గుప్పెడు తీసి, సామ్రాజ్యం చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. వానొచ్చినా కంటతడి పెట్టని సామ్రాజ్యం ఆ చప్పుడుకి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఊరు వచ్చింది. కర్రలతో, కేకలతో. గోడ పడిపోయిందన్న కబురు ఆ మొగదలకి ఇప్పటికి చేరింది. అందరికంటే ముందు వెంకటనారాయణ. గుంటూరు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కా మడత నలగలేదు.

“నేను చెప్పలా? అదిగో సిలార్‌గాడు కూర్చున్నాడు చూడండి! కల్లంలోకే వచ్చారు లంజకొడుకులు! కొట్టండ్రా!”

“ఒరేయ్ నారాయణా.” సామ్రాజ్యం లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. “కర్ర కింద పెట్టు. ఆ గట్టు వైపు చూడు.”

ఊరంతా గట్టు వైపు చూసింది. వానలో తడిసి, నీళ్ళు నిండి, వరసగా చెప్పులు. ఆ వరస చివర ఎక్కడో కంటికి ఆనలేదు. ఒక్కొక్క కర్రే కిందికి దిగింది. ఎవరో దణ్ణం పెట్టారు. ఎవరికి పెట్టారో, ఆ చెప్పులకో, ఆ మనుషులకో.

“కాయ తడవలేదర్రా,” అంది సామ్రాజ్యం. “వీళ్ళు తడిశారు.”

జనం పట్టల మీదనుంచి లేచి ఒళ్ళు విరుచుకుంటున్నారు. సుభానీ మాత్రం లేవలేదు. తను కూర్చున్న పట్ట అంచుని వేళ్ళతో తడుముతున్నాడు. మళ్ళీ మళ్ళీ తడిమాడు.

“సిలారన్నా,” అన్నాడు చిన్నగా. “ఈ పట్ట నాది.”

“పట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయి,” అన్నాడు వెంకటనారాయణ. ఆ మాట కాస్త తొందరగా వచ్చింది. “పర్చూరు సంతలో నీలం పట్టలే అమ్ముతారు. వంద ఉంటాయి ఊళ్ళో.”

సుభానీ అతని వైపు చూడలేదు. సామ్రాజ్యం వైపు చూశాడు. “అమ్మా, నేను దీన్ని ఎత్తను. చెప్తాను, నువ్వే ఎత్తి చూడు. లోపలివైపు ఈ మూలలో ఎలక కొరికిన బొక్క ఉంటుంది. దానికి మా ఇంట్లో మనిషి తన పెళ్ళిచీర అంచు చించి అతుకు వేసింది. పచ్చంచు. దాని మీద పసుపు చుక్కలు. లేకపోతే ఇంకో తట్ట కారం తెప్పించు, నా కళ్ళలో కొట్టు.”

సామ్రాజ్యం వంగింది. పట్ట మూల పట్టుకుని, మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి, బస్తా నడుమనుంచి కాయ తీసినట్టు, లోపలి వైపుని బయటికి తిరగేసింది.

పచ్చంచు. పసుపు చుక్కలు. దగ్గరదగ్గరగా, ఓపికగా వేసిన కుట్టు.

ఎర్రమిట్టలో కాయతో పాటు మాయమైన పట్ట. అది ఎవరి గోడౌనులోంచి వచ్చిందో తమ్ముడు కాక తెలిసిన మనిషి ఆ కల్లంలో ఒక్కతే ఉంది. మొన్న తమ్ముడి గోడౌను తాళం తీసి, అడుగున మడతపెట్టి ఉన్నదాన్ని దులిపి, పెద్దగా ఉందని మురిసిపోయి, ఈ బొంగుకి కట్టించిన మనిషి.

“ఈ పట్ట ఎవరిదమ్మా?” అన్నాడు సుభానీ. “ఏ ఇంట్లోంచి వచ్చింది?”

సిలార్ వాచిన కళ్ళని బలవంతంగా కొంచెం తెరిచి, ఆమె ముఖం ఉన్నవైపు తిరిగాడు. ఊరు ఆమె వైపు చూస్తోంది. ఒళ్ళంతా నీళ్ళోడుతున్న ఆ జనం, కాళ్ళకి చెప్పుల్లేకుండా, ఇందాక కొబ్బరితాడు వెనక నిలబడ్డట్టే కదలకుండా నిలబడి, చూస్తున్నారు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది. చెమటపట్టిన చెయ్యి. వెనక్కి చూడక్కర్లేదు. అమ్మ పోయినప్పుడు నారాయణకి నాలుగేళ్ళు. తిరునాళ్ళ జనంలో తప్పిపోతానేమోనని ఇలాగే, ఇదే మోచెయ్యి పట్టుకుని నడిచేవాడు.

సామ్రాజ్యం ఆ చెయ్యిని విదిలించలేదు.

నోరు తెరిచింది.